బామ్మ చాకిరీకి లెక్కెక్కడ?

పెద్దకర్మ కార్డు చూడండి: కొడుకుల ఉద్యోగాలు, అల్లుళ్ల ఊళ్లు, మనవల అమెరికా, అన్నీ ఉంటాయి. 90 ఏళ్లు బతికిన మనిషి ఏం చేసిందో మాత్రం ఉండదు. కూతుళ్లకు, కోడళ్లకు పురుళ్లు పోసింది. ఏటా ఆవకాయ జాడీలకు వాసెన కట్టి, ఏది ఎవరింటికో తనే చెప్పింది. పొలం గట్టు తగాదాతో మాటలు మానుకున్న అన్నదమ్ములను ఒకే బంతిలో కూర్చోబెట్టి వడ్డించింది. సొంత ఇంటి చాకిరీ మాత్రమే చేసేవాళ్లు జనగణన లెక్కలో పనిచేయనివాళ్లే! జంషెడ్‌పూర్ అగ్నిప్రమాద మృతుల పరిహారం కేసులో సుప్రీంకోర్టు మాత్రం 2001లో 62–72 ఏళ్ల గృహిణుల సేవకు ఏడాదికి 20 వేల రూపాయలు విలువ కట్టింది. తక్కువే, కానీ కట్టింది. మీ ఇంట్లో కార్డు అచ్చువేయించాల్సి వస్తే ఆవిడ చేసిన పనులు నాలుగు వాక్యాలు రాయించండి. పుట్టింటి ఊరు కూడా వేయించండి.