ఓడిపోయిన బుడగలు

పిల్లలూ! ప్రయోగం సరిగా రాకపోతే రికార్డు పుస్తకంలో ఆ పేజీ చించేయడం మీలో చాలామందికి అలవాటు. నా తరగతిలో ఏళ్ళ తరబడి చూస్తున్నాను. అది తప్పని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను, వినండి.

1960ల చివర్లో అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌లో ఆండ్రూ బోబెక్ అనే ఇంజనీరు, ఆయన సహచరులు కంప్యూటరుకు ఒక కొత్త రకం మెమరీని తయారుచేశారు. గార్నెట్ అనే పదార్థపు పలుచని పొరకు నిలువుగా అయస్కాంత క్షేత్రం తగిలిస్తే, అందులో అతి చిన్న గుండ్రని అయస్కాంత ప్రాంతాలు ఏర్పడతాయి. వాటికి బుడగలని పేరు పెట్టారు. నీటి బుడగలనుకునేరు! బుడగ ఉంటే 1, లేకపోతే 0. గుండ్రంగా తిరిగే మరో అయస్కాంత క్షేత్రం వాటిని బాట వెంట వరుసగా నడిపిస్తుంది. కరెంటు పోయినా శాశ్వత అయస్కాంతం వాటిని చెదరనివ్వదు. తిరిగే చక్రాలు లేవు కనుక అరుగుదల లేదు.

1977లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ సుమారు 92,000 బిట్ల చిప్పును అమ్మకానికి తెచ్చింది. 1979లో ఇంటెల్ పది లక్షల బిట్ల చిప్పును ప్రకటించింది. ఇక డిస్కులకు కాలం చెల్లినట్లేనని ఎంతోమంది నమ్మారు. 1982లో వచ్చిన గ్రిడ్ కంపాస్ అనే చిన్న కంప్యూటరులోనూ బుడగల మెమరీయే ఉంది.

మరి ఎందుకు ఓడింది? బుడగలు రేషను దుకాణం దగ్గర జనంలా వరుసలోనే రావాలి. కావలసిన బిట్టు వంతు వచ్చేదాకా ఆగక తప్పదు. చుట్టూ తీగచుట్లు, అయస్కాంతాలు అమర్చాలి కనుక ఖర్చూ ఎక్కువే. ఈలోగా సిలికాన్ చిప్పులు వేగంలోనూ, హార్డ్ డిస్కులు చవకదనంలోనూ దాటిపోయాయి. 1981లోనే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఈ వ్యాపారం మానుకుంది. తర్వాత వచ్చిన ఫ్లాష్ మెమరీ మిగిలిన చోటునూ ఆక్రమించింది. మీ ఇంట్లో ఫోనులో ఉన్నది అదే.

గమనించారా? బుడగల శాస్త్రంలో తప్పేమీ లేదు. పోటీదారులు ఇంకా త్వరగా మెరుగుపడ్డారు, అంతే. అయస్కాంత ప్రాంతాలను నడిపించాలన్న ఆలోచన కూడా చచ్చిపోలేదు. ఐబీఎంలో స్టువర్ట్ పార్కిన్ బృందం అటువంటి ప్రాంతాలనే సన్నని తీగలో విద్యుత్తుతో నడిపి, 2008లో ఫలితాలు ప్రచురించింది. పాతవాళ్ళు తమ ప్రయోగాలను రాసిపెట్టకపోతే, తర్వాతివాళ్ళు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వచ్చేది.

కాబట్టి ఈసారి ప్రయోగం చెడితే పేజీ చించకండి. ఏం జరిగిందో, ఎందుకు జరిగిందని మీరు అనుకుంటున్నారో రాయండి. మార్కులు వేసే మేమూ ఆ పేజీకి విలువ ఇవ్వడం నేర్చుకోవాలి.