చుట్టంగా రండి, యజమానిగా కాదు

గోస్తని మా అనంతగిరి కొండల్లో పుడుతుంది. బొర్రా గుహల్లోంచి పారి, కటికి దగ్గర దూకి, తాటిపూడి జలాశయం నింపి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పట్నం వాళ్లకు అది సెలవు రోజున చూసే అందం. మాకు అది తాగే నీరు, పశువుల రేవు, చేపలు పట్టే మడుగు.

ముందే చెబుతున్నాం. చుట్టం వస్తే కాదనే జాతి కాదు మాది. ఉన్న అంబలే పంచుకున్నాం. మా తగాదా చుట్టంగా వచ్చి ఇల్లు నాదే అనేవాడితో.

"కొండలు, గెడ్డలు ప్రభుత్వ భూములు, వాటిని అభివృద్ధి చేస్తే మీకేం నష్టం?" అంటారు. దీనికి జవాబు బొర్రాలోనే ఉంది. ఆ చుట్టుపక్కల గ్రామాల్లో గనుల లీజుల మీద మొదలైన పోరాటమే సమత కేసు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం తన భూమినైనా గిరిజనేతరులకు లీజుకివ్వడానికి వీల్లేదని 1997 జూలై 11న సుప్రీంకోర్టు తేల్చింది. మనం 1/70 అని పిలుచుకునే చట్టం అమ్మకాన్నే కాదు, లీజును, తాకట్టును కూడా బదలాయింపుగానే చూస్తుంది. మరి గెడ్డల ఒడ్డున లేస్తున్న ఈ గుడారాలు ఎవరివి? కాగితం మీద పేరు మనవాడిది, పెట్టుబడి పట్నంవాడిది, లాభమూ వాడిదే. పేరు అరువిచ్చిన మన తమ్ముళ్లకు చెబుతున్నాం: నువ్వు అరువిచ్చింది నీ ఒక్కడి పేరు కాదు, ఊరందరి నేల.

2025 మొదట్లో పర్యాటకం కోసం 1/70ని సవరించాలన్న మాట పెద్ద పదవిలో ఉన్నవారి నోటి నుంచే వచ్చింది. ఫిబ్రవరిలో మన్యం బంద్ అయింది. చట్టం జోలికి పోమని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. మాట వెనక్కి పోయింది, ఆశ పోలేదు.

2006 అటవీ హక్కుల చట్టాన్ని ఒకసారి తెరిచి చూడండి. గ్రామసభ సిఫార్సుతో అటవీ భూమిలో కట్టుకోదగిన 13 రకాల సౌకర్యాల జాబితా అందులో ఉంది. బడి ఉంది, ఆసుపత్రి ఉంది, అంగన్‌వాడీ ఉంది, చౌకధరల దుకాణం ఉంది, రోడ్డు ఉంది. రిసార్టు లేదు. కానీ కొండ మీద జరిగేది తలకిందులుగా ఉంది. సూర్యోదయం చూసేవాళ్ల కార్లకు దారి పడుతుంది, మా గర్భిణులకు ఇంకా డోలీయే.

"ఉద్యోగాలు వస్తాయి" అంటారు. ఏ ఉద్యోగాలు? కాపలా, గదులు ఊడ్చడం, ఎంగిలి పళ్లేలు కడగడం. ఇటుకల పండక్కి చేయీ చేయీ కలిపి ఆడే థింసా, తాగి కూర్చున్నవాళ్ల ముందు డబ్బులకు ఆడే ఆట అయింది. సంతకొచ్చిన మా అమ్మలను అడగకుండానే ఫొటోలు తీస్తారు. వాళ్లు పగలగొట్టిన సీసాలు గెడ్డ దాటే మా పిల్లల కాళ్లలో దిగుతున్నాయి.

పట్నం వాళ్లకూ ఒక మాట. తాటిపూడి నీళ్లు విశాఖ కుళాయిల్లోకే వస్తాయి. ఎగువన మీరు పారేసింది దిగువన మీ గడప దగ్గరికే చేరుతుంది. గోస్తనిని కాపాడమని మేము అడుగుతున్నది మా కోసమే కాదు.

మా కోరిక చిన్నది. ఏ గెడ్డ దగ్గరికి ఎందరు రావాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ అడుగు పెట్టకూడదో గ్రామసభ చెప్పాలి. టికెట్టు ఊరి సంఘం చించాలి. ఆ డబ్బు ఊరి బడికి, ఊరి నీటికి పోవాలి. సారం మీద, సంస్కృతి మీద, ఉమ్మడి వనరుల మీద అధికారం గ్రామసభదేనని 1996 పెసా చట్టం ఎప్పుడో చెప్పింది.

మాస్టార్లూ, ఈ మూడు చట్టాలను పదో తరగతి పిల్లలకు మన మాటల్లో చదివి వినిపించండి. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, వచ్చే గ్రామసభకు వెళ్లండి. గెడ్డ పేరు, హద్దులు తీర్మానం పుస్తకంలో రాయించి, కింద సంతకాలు పెట్టించండి. రాయని హద్దును దాటడం ఎవరికైనా సులువే.