పిల్లల వార్డులో ఏకవచనం

వైద్యవిద్యలో ‘కౌన్సెలింగ్’ అనగానే మనకు గుర్తుకొచ్చేది సీట్ల కేటాయింపే. ర్యాంకు ఎంత, ఏ కోటా అన్న చర్చతో ఆ మాట ముగిసిపోతుంది. రోగి కుటుంబంతో వైద్యుడు జరపవలసిన సంభాషణ అన్న రెండో అర్థం చర్చకు రాదు. కులం అక్కడా పనిచేస్తుందని నా వాదన.

సికిల్ సెల్ వ్యాధినే తీసుకుందాం. ఇది ఆదివాసుల్లో ఎక్కువ. 2047 నాటికి దీన్ని నిర్మూలించాలన్న జాతీయ కార్యక్రమం 2023 జూలైలో మొదలైంది. రక్తపరీక్ష కన్నా, దాని ఫలితాన్ని తల్లిదండ్రులకు చెప్పడమే కష్టం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యువులూ అందితేనే బిడ్డకు జబ్బు వస్తుంది. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ ఆ అవకాశం 25 శాతం. మలేరియా ప్రబలిన ప్రాంతాల్లో వాహకులకు కొంత రక్షణనిచ్చి తరతరాలుగా నిలిచిన జన్యువిది. ఎవరి తప్పూ కాదు. ఈ సంగతి విడమరచి చెప్పకపోతే నింద తల్లి మీద పడుతుంది. చెప్పే తీరు చెడితే ‘ఆ తెగ రోగం’ అన్న ముద్ర మిగులుతుంది.

ప్రభుత్వాసుపత్రుల్లో నేను తరచూ వినే మాటతీరు వేరు. ఉద్యోగి అయిన తండ్రికి ‘కూర్చోండి’ అన్న గౌరవం. కూలి మానుకొని వచ్చిన దళిత, ఆదివాసీ తల్లికి ‘ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావ్?’ అన్న గద్దింపు. బెదిరిన తల్లి ప్రశ్న అడగదు, అర్థం కాకున్నా తలూపుతుంది. హైడ్రాక్సీయూరియా ఎందుకు మానకూడదో, జ్వరమొస్తే వెంటనే ఎందుకు రావాలో తెలియకుండానే ఇల్లు చేరుతుంది. ఆ మూల్యం చెల్లించేది బిడ్డ. ‘తల్లి నిర్లక్ష్యం’ అని మాత్రం మనం తేల్చేస్తాం.

రద్దీలో ఇంత ఓపిక సాధ్యమా అని వైద్యులు అడగవచ్చు. రద్దీ నిజమే. కానీ ‘మీరు’ అనడానికీ ‘నువ్వు’ అనడానికీ పట్టే సమయం ఒక్కటే. అడగండి, చేసిన మంచిని మెచ్చుకోండి, సలహా చెప్పండి, అర్థమైందో లేదో సరిచూసుకోండి: శిశువ్యాధుల శిక్షణలో ఈ నాలుగు మెట్లు ఎప్పటినుంచో ఉన్నాయి. దృక్పథం, నైతికత, సంభాషణ అన్న పాఠ్యాంశం కూడా 2019లో ఎంబీబీఎస్‌లో చేరింది.

ఆ పాఠంలో కులాన్ని పేరుపెట్టి చర్చించాలి. విద్యార్థి తల్లిదండ్రులతో మాట్లాడే తీరును అధ్యాపకులు కళ్లారా చూసి మార్కులు వేయాలి. గోండి, కోయ, సవర తెలిసిన స్థానికులను జీతమిచ్చి వార్డుల్లో నియమించాలి. రిజర్వేషన్ వైద్యకళాశాల తలుపు తెరిచింది; ఆసుపత్రిలో ఆ తల్లికి కుర్చీ చూపించవలసిన బాధ్యత ఇంకా మిగిలే ఉంది.