కాన్పుకు గడియారం పెట్టకండి

సినిమాలో కాన్పు రెండు నిమిషాల్లో అయిపోతుంది. తల్లి ఒక కేక వేస్తుంది, బయట భర్త అటూ ఇటూ తిరుగుతుంటాడు, అంతలో బిడ్డ ఏడుపు వినబడుతుంది. ఫిల్మ్‌నగర్, కృష్ణానగర్, జూబ్లీహిల్స్ కుటుంబాలకు అది ఉత్త సినిమా అని అందరికంటే బాగా తెలుసు. అయినా తమ అమ్మాయికి నొప్పులు మొదలయ్యేసరికి ఆ సంగతి మరచిపోతారు. నాలుగు గంటలు గడవగానే లేబర్ రూమ్ తలుపు దగ్గరకొచ్చి, "ఇంకా ఎంతసేపు సిస్టర్? ఆపరేషన్ చేసేయమనండి" అంటారు. ఆ తొందర గురించే ఈసారి మీతో మాట్లాడాలనుకుంటున్నాము.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రతి 100 కాన్పుల్లో దాదాపు 61 సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81కి పైగా, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44కి పైగా. దేశం మొత్తం మీద చూస్తే 22 లోపే. మన ఆడపిల్లల శరీరాలు వేరు రాష్ట్రాల వారికంటే భిన్నంగా లేవు కదా! తేడా మన భయాల్లో, తొందరలో, ఆసుపత్రుల అలవాట్లలో ఉందని మా అభిప్రాయం.

కాన్పుకు తనదైన నడక ఉంది. తొలిచూలులో గర్భసంచి ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకునేవరకు ఎంతసేపు పడుతుందో ముందుగా చెప్పలేము. అక్కడినుంచి పూర్తిగా తెరుచుకోవడానికి తొలి కాన్పులో 12 గంటల వరకు, తర్వాతి కాన్పుల్లో 10 గంటల వరకు పట్టవచ్చు. గంటకు ఒక సెంటీమీటరు తెరుచుకోవాలని మా చదువు రోజుల్లో నేర్పేవారు. తల్లీ బిడ్డా బాగున్నప్పుడు ఆ లెక్క ఒక్కటే చూసి మందులతో నొప్పులు పెంచడం, ఆపరేషన్ చేయడం తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో స్పష్టంగా చెప్పింది.

నిదానమే ప్రధానం అంటారు. ఆలస్యం అమృతం విషం అని కూడా అంటారు. లేబర్ రూమ్‌లో రెండూ నిజమే. ఎదురుచూడటమంటే ఊరికే కూర్చోవడం కాదు. బిడ్డ గుండె చప్పుడు 15–30 నిమిషాలకోసారి వినాలి. తల్లి నాడి, బీపీ, నొప్పుల తీరు రాసుకుంటూ ఉండాలి. బిడ్డ గుండె చప్పుడు దెబ్బతిన్నా, మాయ దారికి అడ్డంగా ఉన్నా, కాన్పు సమయానికి బిడ్డ అడ్డంగానే ఉన్నా ఆపరేషనే ప్రాణం నిలుపుతుంది. అప్పుడు సంతకం పెట్టడానికి ఆలస్యం చేయవద్దు.

అవసరం లేని ఆపరేషన్ మాట వేరు. కొందరు ముహూర్తం చూసుకుని వస్తారు. మన సంఘాల్లో పంచాంగం చూడకపోయినా, సెలవు దొరికే రోజు, నచ్చిన తేదీ చూసేవారు లేకపోలేదు. 39 వారాలు నిండకముందే నొప్పులు రాకుండా కోసి తీస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బంది వచ్చే అవకాశం ఎక్కువ. ఆపరేషన్ల సంఖ్య పెరిగేకొద్దీ తర్వాతి కాన్పులో మాయ పాత కుట్టుకు అంటుకుపోయే ప్రమాదమూ పెరుగుతుంది.

అలాగని తప్పంతా కుటుంబాలదే అనడం న్యాయం కాదు. ఒంటరిగా, వెల్లకిలా పడుకోబెట్టి, అరవవద్దని కసురుతూ ఉంటే ఆ తల్లి ఆపరేషన్ అడగడంలో వింతేముంది? తల్లి లేచి నడవాలి. ఇబ్బందులు లేని కాన్పయితే నీళ్ళు, తేలికపాటి ఆహారం తీసుకోవచ్చు. బిడ్డ రావడానికి పైనుంచి పొట్ట నొక్కడం మానాలి. ఆమె కోరుకున్న మనిషి పక్కన ఉండాలి. అలా తోడున్న తల్లులకు ఆపరేషన్ అవసరం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. తెలంగాణ ప్రభుత్వం 2017లో యూనిసెఫ్, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ సంస్థలతో కలిసి 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. తల్లి పక్కన ఓపికగా కూర్చోగల ఇటువంటి నర్సులు ప్రతి ఆసుపత్రిలోనూ ఉండాలి. మిషన్ ఆసుపత్రులు ఇందులో వెనుకబడకూడదు.

కుటుంబాలకు మా మనవి ఇది. తోడుండే మనిషి అమ్మయినా, అత్తయ్యయినా, భర్తయినా నడుము రాయండి, గుక్కెడు నీళ్ళు పట్టండి, చేయి పట్టుకోండి. "పక్కింటి అమ్మాయికి గంటలో అయిపోయింది" అనే మాట మాత్రం అనకండి. నొప్పి భరించలేనంటే మాకు చెప్పండి, తగ్గించే మార్గాలున్నాయి. ఆపరేషన్ అయిన తల్లిని ఎవరూ తక్కువ చేసి మాట్లాడవద్దు.

రక్తం పోతున్నా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా, తీవ్రమైన తలనొప్పితో కళ్ళు మసకబారినా, ఫిట్స్ వచ్చినా నొప్పుల కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి రండి. ఇదివరకు సిజేరియన్ అయినవారు నొప్పులు మొదలవగానే రావాలి.

ఈసారి గర్భిణుల పరీక్షకు వచ్చేటప్పుడు, కాన్పులో తోడుండబోయే మనిషినీ వెంట తీసుకురండి. లేబర్ రూమ్ చూపించి, ఏమేం చేయాలో ముందే చెబుతాము.