అంకె ముందు సున్నా

పోయిన నెల మా వీధిలో చిన్న గొడవైంది. మిల్లులో చెయ్యి దెబ్బతిని ఇంట్లో కూర్చున్న ఒకాయనకి సంఘం సాయం డబ్బు చేరలేదు. అలాంటి అకౌంటు లేదని బ్యాంకు తిప్పి పంపేసింది. ఆ ఇంట్లో వారం రోజులు అప్పు మీదే పొయ్యి వెలిగింది.

జాబితా తయారు చేసింది పాలిటెక్నిక్ చదివే మన కుర్రాడే. పైథాన్‌లో ప్రోగ్రామ్ రాసి అందరి నంబర్లూ ఎక్కించాడు. ఈయన నంబరు సున్నాతో మొదలవుతుంది. "సున్నా ఉంటే ఎర్రరొచ్చింది మాస్టారూ, తీసేస్తే పోయింది. ముందున్న సున్నాకి విలువేటి?" అన్నాడు. లెక్కల్లో లేదు నాయనా. అకౌంటులో ఉంది.

అసలు ఎర్రర్ ఎందుకొచ్చింది? సి భాషలో అంకె ముందు సున్నా పెడితే అది ఎనిమిదుల లెక్క. అక్కడ 010 అంటే పది కాదు, ఎనిమిది. ఆ లెక్కలో 0 నుంచి 7 దాకానే అంకెలుంటాయి. మన బరంపురం ఫోన్ కోడు 0680 అలాగే రాస్తే, 8 చెల్లదని సి ఒప్పుకోదు. ఈ తికమక వద్దనే 2008లో వచ్చిన పైథాన్ 3 ముందు సున్నాని ఆపేసింది. ఎనిమిదుల లెక్క కావాలంటే 0o10 అని రాయాలి.

కామాతో ఇంకో చిక్కు. లక్ష అని 1,00,000 రాస్తే పైథాన్‌కి అది ఒక అంకె కాదు, మూడు: 1, 0, 0. తప్పని కూడా చెప్పదు, ఊరుకుంటుంది. అదే ప్రమాదం. 100000 అని రాయండి. సున్నాలు లెక్కపెట్టడం కష్టమైతే 1_00_000 అని అడ్డగీతతో రాయండి. 2016లో వచ్చిన 3.6 నుంచి ఇది చెల్లుతుంది. మన లక్షల పద్ధతిలో గీత పెట్టినా ఒప్పుకుంటుంది.

పిల్లలూ, ఒక్క మాట గుర్తుంచుకోండి. కూడేది, తీసేది అంకె. జీతం, అప్పు, వడ్డీ అంకెలు. అకౌంటు, ఫోను, ఆధార్, పిన్‌కోడు అంకెల్లా కనిపించే పేర్లు. రెండు ఫోన్ నంబర్లు కూడితే ఏమొస్తుంది? వాటిని కొటేషన్ గుర్తుల మధ్య "0680" అని రాయండి. సున్నా ఎక్కడికీ పోదు.

కుర్రాడు జాబితా సరిచేశాడు, డబ్బు చేరింది. తనే వెళ్లి ఆయనకి సంగతి చెప్పొచ్చాడు. ఎర్రర్ వస్తే నోరు మూయించకండి, ఎందుకొచ్చిందో అడగండి.

ఈ నెల పని: 007, "007" రెండూ పైథాన్‌లో కొట్టి చూడండి. ఏది ఒప్పుకుందో, ఎందుకో ఇంట్లో అమ్మకి చెప్పండి.