సంతకానికి ముందు ఆగండి: పాట మీది, హక్కులు కూడా మీవే

జానపద పాటలు రాసేవాళ్లకు, బాణీ కట్టేవాళ్లకు, పాడేవాళ్లకు ఈ మాట వెంటనే చెప్పాలి. రికార్డింగు అయిపోయాక యూట్యూబ్ ఛానల్ వాళ్లు మీ ముందు పెట్టే ఆ రెండు పేజీల ఒప్పందం కాగితం మీద అదే రోజు సంతకం పెట్టకండి. ఇంటికి తీసుకెళ్లి, తెలిసినవాళ్లతో చదివించుకోండి. పాట హిట్టయి, బరాతుల్లో డీజే బాక్సులు దద్దరిల్లి, వ్యూస్ కోట్లు దాటాక మీరు వెళ్లి అడిగితే ఛానల్ వాళ్లు తీసి చూపించేది ఆ కాగితాన్నే.

ఆ కాగితం చాలాసార్లు ఇంగ్లీషులో ఉంటుంది. అన్ని హక్కులూ, ప్రపంచమంతటా, శాశ్వతంగా, ఇప్పుడున్నవీ ఇకమీదట రాబోయేవీ అన్ని మాధ్యమాల్లోనూ రాసిచ్చేశానన్నది దాని సారాంశం. దానికి బదులుగా ఒక్కసారి ముట్టే కొన్ని వేలు. పొలం అమ్మే రైతు సర్వే నంబరు, హద్దులు చూడకుండా వేలిముద్ర వేయడు. పాటకు మాత్రం ఆ జాగ్రత్త ఎందుకు ఉండకూడదు?

ముందుగా ఒకటి తెలుసుకోవాలి. ఒక పాటలో రెండు ఆస్తులు ఉంటాయి. సాహిత్యమూ బాణీ ఒక ఆస్తి. అవి రచయితవి, సంగీత దర్శకుడివి. స్టూడియోలో తయారైన రికార్డింగు ఇంకో ఆస్తి. అది మామూలుగా డబ్బు పెట్టిన నిర్మాతది. పాడిన గొంతుకు చట్టంలో విడిగా ప్రదర్శకుల హక్కు ఉంది. ఈ హక్కులు వేర్వేరు అనడానికి ఒక ఉదాహరణ: 2017 మార్చిలో అమెరికాలో కచేరీలు చేస్తున్న గాయకుడు ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యంకు సంగీత దర్శకుడు ఇళయరాజా తరఫున లీగల్ నోటీసు వచ్చింది. తన అనుమతి లేకుండా తన పాటలు వేదికపై పాడకూడదన్నది దాని సారాంశం. ఆ పర్యటనలో ఇక ఆ పాటలు పాడబోనని బాలు ప్రకటించారు. ఎవరిది న్యాయం అన్నది పక్కన పెడదాం. దశాబ్దాలుగా ఆ పాటలు పాడిన గొంతుకే ఈ ప్రశ్న ఎదురైంది కదా, నిన్నగాక మొన్న ఛానల్‌లో పాడిన పిల్లల సంగతేమిటి?

చట్టం మనవైపే ఉంది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. హిందీ గీత రచయిత జావేద్ అఖ్తర్ లాంటివాళ్లు దాని కోసం గట్టిగా పోరాడారు. సాహిత్యం, సంగీతం హక్కులు రాసిచ్చినా, ఆ పాట వాడకం మీద వచ్చే రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును రచయిత, స్వరకర్త వదులుకోలేరు. వారసులకో, రాయల్టీ వసూలు చేసిపెట్టే కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ ఇవ్వలేరు. సినిమా పాటకు ఒక మినహాయింపు ఉంది, థియేటర్లో సినిమాతో పాటు వినిపించడానికి ఇది వర్తించదు. ప్రైవేటు పాటకు ఆ మినహాయింపు కూడా లేదు. 'నాకు రాయల్టీ అక్కర్లేదు' అని కాగితంలో రాయించుకున్నా ఆ వాక్యం చెల్లదు. ఒప్పందంలో గడువు రాయకపోతే అయిదేళ్లే. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే పరిమితం. పాడినవాళ్లకు కూడా, పాటను వ్యాపారానికి వాడితే రాయల్టీ పొందే అర్హత ఉంది.

చట్టం ఉంది కదా అని ధీమాగా ఉండకండి. చెల్లని వాక్యాన్ని చెల్లదని చెప్పించుకోవాలంటే కోర్టు మెట్లెక్కాలి. ఆ ఖర్చు, ఆ తిరుగుడు మీరు భరించలేరని అవతలివాళ్లకు బాగా తెలుసు. అందుకే ఆ వాక్యం సంతకానికి ముందే కొట్టివేయించాలి.

ఇక డబ్బు లెక్క. ఒక్కో స్ట్రీముకు, అంటే యాప్‌లో పాట ఒకసారి విన్నందుకు, ఇన్ని పైసలు అనే స్థిరమైన రేటు లేదు. ఎవరైనా అలా చెబితే నమ్మకండి. స్పాటిఫై లాంటి యాప్‌లో చందాల మీదా ప్రకటనల మీదా వచ్చిన రాబడిలో సుమారు మూడింట రెండొంతులు హక్కుదారులకు వెళుతుంది. ఆ మొత్తాన్ని ఎవరి పాట ఎన్నిసార్లు విన్నారన్న నిష్పత్తిలో పంచుతారు. లెక్క కోసం ఇలా అనుకుందాం. ఒక నెలలో పంచాల్సింది కోటి రూపాయలు, మొత్తం పాటలు విన్నది 10 కోట్ల సార్లు, అందులో మీ పాట లక్ష సార్లు. అంటే వెయ్యో వంతు, 10,000 రూపాయలు. అందులో పెద్ద భాగం రికార్డింగు యజమానికే, సాహిత్యానికీ బాణీకీ వెళ్లేది చిన్న భాగం. మధ్యలో, పాటను యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ కమీషన్ పోతుంది. మీ చేతికి వచ్చేది మీ ఒప్పందం చెప్పినంతే. పైగా 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో 1,000 స్ట్రీములు దాటని పాటకు స్పాటిఫై రికార్డింగు రాయల్టీ ఇవ్వడం లేదు.

యూట్యూబ్‌లో సంగతి ఇంకోలా ఉంటుంది. పూర్తి నిడివి వీడియో మీద పడే ప్రకటనల రాబడిలో 55 శాతం ఛానల్‌కు వస్తుంది. అది ఛానల్‌కు ఏ ఖాతా కలిపి ఉందో ఆ ఖాతాకే పోతుంది. తెర మీద మీ పేరు ఎంత పెద్దగా వేసినా దానివల్ల ఒక్క రూపాయి మీ వైపు కదలదు. నెలనెలా లెక్క చూపించాలన్న షరతు ఒప్పందంలో ఉంటేనే మీకు అడిగే వీలు.

రేడియో, టీవీ, హోటళ్లు, కార్యక్రమాల నుంచి వచ్చే సొమ్ము వేరు. రచయితల, స్వరకర్తల తరఫున ఐపీఆర్ఎస్ అనే కాపీరైట్ సొసైటీ వసూలు చేస్తుంది. గాయకుల కోసం 2013లో ఇస్రా పేరుతో కాపీరైట్ సొసైటీగా నమోదైన సంఘం ఇప్పుడు ఇసామ్రా పేరుతో ఉంది. మీరు సభ్యులు కాకపోతే, మీ పాటలు అక్కడ నమోదు చేయకపోతే, మీ పేరు మీద డబ్బు పంచే దారే ఉండదు. ఒక్కో పాటకు రచన ఎవరు, బాణీ ఎవరు, గానం ఎవరు అన్నది ఒకే స్పెల్లింగుతో అన్నిచోట్లా ఉండాలి.

ఇంకో హెచ్చరిక. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న బతుకమ్మ పాటను 'నా రచన' అని నమోదు చేయకండి. అది ఊరందరిదీ. రేపు పక్క ఊరి అమ్మాయి పాడిన వీడియో మీద మీ పేరుతో కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది. సేకరణ అని రాయండి, చాలు.

'మీ రాయల్టీ ఆగిపోయింది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి' అని ఫోను వస్తే కట్టకండి, ఓటీపీ చెప్పకండి. డబ్బుకు స్ట్రీములు పెంచుతామనేవాళ్లను దగ్గరికి రానివ్వకండి. నకిలీ స్ట్రీములని తేలితే పాట తీసేస్తారు, రాబడి ఆపేస్తారు.

ఇప్పటికే సంతకాలు చేసి ఉంటే ఈ వారంలోనే వాటి కాపీలు అడిగి తెచ్చుకోండి. సాహిత్యం మీద, బాణీ మీద హక్కు వాటిని సృష్టించినవారి జీవితాంతం, ఆ తర్వాత 60 ఏళ్ల వరకు ఉంటుంది. ఆ కాగితాలు ఎక్కడున్నాయో మీ ఇంట్లోవాళ్లకు ఈరోజే చెప్పండి.