చిరునామా ఇచ్చి ఇల్లు ఖాళీ చేస్తే ఎలా?

లోలకం కొద్దిగా ఊగుతున్నంత వరకు దాని ఆవర్తన కాలాన్ని చెప్పడానికి ఇంటర్మీడియట్ పుస్తకంలోని సూత్రం చాలు. అదే లోలకాన్ని 90 డిగ్రీల దాకా లాగి వదిలితే, ఒక్కో ఊపుకు ఆ సూత్రం చెప్పిన దానికంటే సుమారు 18 శాతం ఎక్కువ సమయం పడుతుంది. ఈ తేడా తేలాలంటే ఒక సమాకలనం చేయాలి. అది కాగితం మీద సులభంగా తెమలదు. ఇప్పటి ఎంఎస్సీ విద్యార్థి పైథాన్‌లో నాలుగు వరుసలు రాస్తే జవాబు క్షణంలో వస్తుంది. ఆ క్షణంలో తెర వెనుక ఏం జరిగిందన్నది మాత్రం చాలా తరగతుల్లో పాఠంగా ఉండదు. ఉండి తీరాలి.

గైడో వాన్ రోసమ్ రూపొందించిన పైథాన్ 1991లో బయటికి వచ్చింది. రాయడానికి తేలికైన స్క్రిప్టింగ్ భాష ఇది. అయితే పెద్ద లెక్కలకు నెమ్మది. అందుకే బరువైన పనిని సి, ఫోర్ట్రాన్ భాషల్లో ఏనాడో రాసి, పరీక్షించి పెట్టిన లైబ్రరీలకు అప్పగిస్తుంది. సమాకలనాలకు పేరుపడ్డ క్వాడ్‌ప్యాక్ అలాంటిదే. దాన్ని వివరించే పుస్తకం 1983లో వెలువడింది. పైథాన్ వాడే శాస్త్రవేత్తలకు బాగా తెలిసిన సైపైలోని సమాకలన సాధనం నేటికీ ఆ పద్ధతుల మీదే నిలిచి ఉంది.

క్వాడ్‌ప్యాక్‌కు లోలకం సంగతి తెలియదు. సూత్రం విద్యార్థి దగ్గర ఉంది. కాబట్టి 'ఈ కోణం దగ్గర విలువ ఎంత?' అని అది మళ్లీ మళ్లీ అడగాలి. ఇలాంటి సాధారణ సమాకలనంలో మొదటి విడతలోనే 21 బిందువుల దగ్గర అడుగుతుంది. అడగడానికి దాని చేతికి ఇచ్చేది సూత్రం కాదు, మెమరీలో ఆ సూత్రం ఉన్న చోటి చిరునామా. దీన్నే ఫంక్షన్ పాయింటర్ అంటారు. లైబ్రరీ ఇలా తిరిగి పిలిచే ఫంక్షన్‌కు కాల్‌బ్యాక్ అని పేరు.

పైథాన్ ఫంక్షన్‌ను సి లైబ్రరీ నేరుగా పిలవలేదు. మధ్యలో ఒక దుబాసీ కావాలి. 2006లో పైథాన్ 2.5తో పాటు వచ్చిన సీటైప్స్ ఆ పని చేస్తుంది. యంత్రానికి అర్థమయ్యే చిన్న కోడ్ తునకను తయారుచేసి, దాని చిరునామాను లైబ్రరీకి ఇస్తుంది. ఈ సౌకర్యం గొప్పదే. కానీ పైథాన్ తన లోపల ఇచ్చే రక్షణల్లో చాలా వరకు ఈ సరిహద్దు దగ్గరే ఆగిపోతాయి. ముఖ్యంగా మూడు చోట్ల.

మొదటిది సంఖ్య రకం. లైబ్రరీ 8 బైట్ల దశాంశ సంఖ్య కోసం చూస్తున్నప్పుడు, విద్యార్థి పొరపాటున 4 బైట్ల సంఖ్య అని ప్రకటిస్తే అర్థం లేని విలువ చేరుతుంది. తప్పని ఎవరూ హెచ్చరించరు. లెక్క సాగిపోతుంది.

రెండోది ఆయుష్షు. అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాల అభివృద్ధి చేసిన సన్‌డయల్స్ వంటి లైబ్రరీలు అవకలన సమీకరణాలను సాధిస్తాయి. ఇవి ఫంక్షన్ చిరునామాను ముందే తీసుకుని దాచుకుంటాయి, తర్వాత అవసరమైనప్పుడల్లా పిలుస్తాయి. ఈలోగా ప్రోగ్రాంలో ఆ దుబాసీని పట్టుకుని ఉన్న పేరు ఏదీ మిగలకపోతే, ఇక అవసరం లేదనుకుని పైథాన్ దాన్ని తుడిచేస్తుంది. చుట్టానికి చిరునామా ఇచ్చి, అతను వచ్చేలోగా ఇల్లు ఖాళీ చేసినట్టు. ఖాళీ అయిన చోటులోకి మరొకటి వెంటనే చేరకపోతే ప్రోగ్రాం బాగానే నడిచినట్టు కనిపించవచ్చు. మరో రోజు కుప్పకూలవచ్చు. పైథాన్ అధికారిక పత్రాల్లో ఈ హెచ్చరిక స్పష్టంగా ఉంది. చదివేవారే తక్కువ.

మూడోది అన్నిటికంటే ప్రమాదకరం. గణనలో వచ్చిన చిన్న తేడా వల్ల వర్గమూలం కింద ఋణ సంఖ్య వచ్చిందనుకుందాం. మామూలుగా పైథాన్ అక్కడే ఆగి తప్పు చెబుతుంది. సీటైప్స్ కాల్‌బ్యాక్‌లో అయితే ఒక సందేశం ముద్రించి ఊరుకుంటుంది. లైబ్రరీకి ఆ తప్పు అందదు. చేతికొచ్చిన నమ్మరాని విలువనే జవాబుగా తీసుకుని ముందుకు పోతుంది. సందేశం ఎవరూ తెరవని లాగ్ ఫైల్లో ఉండిపోతుంది. చివరి జవాబు మాత్రం పది దశాంశ స్థానాలతో ముచ్చటగా కనిపిస్తుంది. కూలిపోయిన ప్రోగ్రాం పరిశోధకుడి సమయాన్ని తినేస్తుంది. కూలకుండా తప్పు చెప్పిన ప్రోగ్రాం పరిశోధన మీది నమ్మకాన్నే తినేస్తుంది.

'సైపై వంటివి ఈ జాగ్రత్తలన్నీ తీసుకుంటాయి కదా, విద్యార్థికి ఈ తలనొప్పి ఎందుకు?' అని అడగవచ్చు. సగం నిజమే. సైపై సమాకలన సాధనం కాల్‌బ్యాక్‌లోని తప్పును దాచదు, పైకి తెస్తుంది. వేగం కావలసినవారికి, ముందే కంపైల్ చేసిన ఫంక్షన్ చిరునామాను పైథాన్ ప్రమేయం లేకుండా లైబ్రరీకి అందించే మార్గాన్ని కూడా 2017లో చేర్చింది. కానీ విద్యార్థి ఎల్లకాలం సైపై గొడుగు కిందే ఉండడు. ప్రయోగశాలలో పాతబడ్డ సి కోడ్ ఎదురవుతుంది. డేటా సిద్ధం కాగానే కాల్‌బ్యాక్‌ను పిలిచే పరికరం లైబ్రరీ ఎదురవుతుంది. అక్కడ జాగ్రత్తలన్నీ తనే చూసుకోవాలి.

దీనికి కొత్త కోర్సు అక్కర్లేదు. కంప్యూటేషనల్ ఫిజిక్స్ ల్యాబ్‌లో ఒక్క పూట చాలు. సి ప్రామాణిక లైబ్రరీలోని క్యూసార్ట్‌కు పైథాన్‌లో రాసిన పోలిక ఫంక్షన్‌ను ఇచ్చి, అది ఏయే జతలను అడుగుతుందో ముద్రించి చూస్తే విషయం కళ్ల ముందే తేటపడుతుంది. ఆపై నాలుగు అలవాట్లు నేర్పాలి. సంఖ్య రకాలు స్పష్టంగా ప్రకటించాలి. లైబ్రరీ పని ముగిసే దాకా కాల్‌బ్యాక్‌ను ఒక పేరుతో పట్టి ఉంచాలి. తప్పును కాల్‌బ్యాక్ లోపలే పట్టుకుని, 'ఇది సంఖ్య కాదు' అని తెలిపే గుర్తును పంపి, తప్పు జరిగినట్టు నమోదు చేయాలి. చివరగా, జవాబు తెలిసిన లెక్కతో సరిచూసుకోవాలి.

90 డిగ్రీల లోలకానికి రావలసిన నిష్పత్తి 1.1803. అది రాకపోతే తప్పు లోలకానిది కాదు. చిరునామా ఎక్కడో తేడాగా ఉండి ఉండవచ్చు. వెతికేందుకు సరిహద్దు దగ్గరికి వెళ్లాలన్న ఆలోచన రావాలంటే, అక్కడ ఒక సరిహద్దు ఉందని విద్యార్థికి ముందే ఎవరో ఒకరు చెప్పి ఉండాలి.